పేరు చెప్పకూడని చుట్టం

మా మనవడు నా చేతుల్లో ఏడ్చి, మా వియ్యపురాలి చేతుల్లో ఊరుకున్న రోజునే నాకు మంట మొదలైంది. మంట అంటే కుళ్ళు అనుకునేరు. అదీ ఉంది, దాని సంగతీ చెబుతాను. కానీ ఇది ఒంటి మంట. ఎడమ పక్కన, వీపు మీద మొదలై పక్కటెముకల వెంట ముందుకు, కారం అద్దిన దారం పెట్టి ఎవరో లాగుతున్నట్టు ఉంది.

ఆ రోజు రేపల్లెలో బారసాల. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ కాబట్టి మా కోడలు ఏడో నెలలోనే వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. పిల్లాడు అక్కడే పుట్టాడు. వాడిని ముందు ఎత్తుకున్నది ఆవిడ. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని మొదటి స్నానం పోసింది ఆవిడ. తుమ్మితే "చిరంజీవ" అన్నదీ ఆవిడే. నేను తెనాలి నుంచి రైలెక్కి వెళ్ళేసరికి వాడి జుట్టుకి ఆ ఇంటి సాంబ్రాణి వాసన పట్టేసింది. నాయనమ్మనై ఉండి చుట్టపు చూపుగా వెళ్ళడం, కాఫీ తాగడం, పిల్లాడిని కాసేపు ఎత్తుకోవడం, అంతలో "ఇటివ్వండి వదినగారూ, మీకు చెయ్యి నొప్పి పుడుతుంది" అని ఆవిడ చేతులు చాస్తే ఇచ్చేసి రావడం. నా చెయ్యి నొప్పి సంగతి ఆవిడకి ఎవరు చెప్పారో తెలియదు.

మా వియ్యపురాలు ఇంట్లోనే చీరల వ్యాపారం చేస్తుంది. పొడగరి. నవ్విందంటే వీధి చివర వాళ్ళకి కూడా తెలుస్తుంది. కొనడానికి రాని వాళ్ళ చేత కూడా రెండు చీరలు కొనిపించి, పైగా వాళ్ళే థాంక్స్ చెప్పి వెళ్ళేలా చేయగల మనిషి. మంచిది కూడా. అదే నా బాధ. చెడ్డదైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని.

మా అబ్బాయి చేబ్రోలులో బ్యాంకు ఉద్యోగం చేస్తాడు. రోజూ తెనాలి నుంచి వెళ్ళి వస్తాడు. కోడలు పుట్టింటికి వెళ్ళాక, శనివారం బ్యాంకు అవగానే బస్సులో తెనాలి వచ్చి, స్టేషన్‌లో రేపల్లె రైలెక్కేసేవాడు. స్టేషన్ నుంచి మా ఇంటికి నడిచి రావచ్చు. రాడు. ఆదివారం రాత్రి వచ్చి, "అమ్మా, కాఫీలో చక్కెర తగ్గించు, అత్తయ్య మంచిది కాదంది" అనేవాడు. నేను పదేళ్ళుగా అదే మాట చెబుతున్నాను.

నేను తెనాలిలో ఇంటర్ పిల్లలకి బోటనీ చెబుతాను. వైరస్‌లు మొక్కలూ కావు, జంతువులూ కావు, అసలు ప్రాణం ఉన్నవో లేనివో కూడా గట్టిగా తేలలేదు. అయినా ఎందుకో మా బోటనీ వాళ్ళ వాటాకే వచ్చాయి. తెలుగు మీడియం పుస్తకాల్లో, వైరస్ దూరిన కణాన్ని అతిథేయి కణం అని రాస్తారు. అంటే ఆతిథ్యం ఇచ్చేదని. ఆ మాట చూసినప్పుడల్లా నాకు చిర్రెత్తుకొస్తుంది. ఆతిథ్యం ఏంటి? అది పిలిచిందా, పీట వేసిందా, మంచినీళ్ళు ఇచ్చిందా? పిలవని పేరంటానికి వచ్చిన దాన్ని అతిథి అనడం మన భాషకే చెల్లింది.

అందుకే పిల్లలకి పెళ్ళివారి వంటశాల కథ చెబుతాను. వైరస్ దగ్గర పొయ్యి లేదు, గిన్నె లేదు, గుప్పెడు బియ్యం కూడా లేవు. ఉన్నదల్లా ఒక వంట చీటీ, దానికి తొడిగిన చొక్కా. మన కణం పైపొర మీద, తనకి కావలసిన వాటిని లోపలికి రానివ్వడానికి తలుపులుంటాయి. ఈ చొక్కా మీదున్న బొడిపెలు ఆ తలుపు తాళాలకి సరిగ్గా సరిపోతాయి. కణం తనవాళ్ళే వచ్చారనుకుని తలుపు తీస్తుంది. చొక్కా లోపల ఊడిపోతుంది, చీటీ వంటవాడి చేతికి వెళుతుంది. వంటవాడు ఈ చీటీ ఎవరు రాశారని అడగడు. రాసినట్టు వండటమే అతని పని. బియ్యం ఇంటివాళ్ళవి, పప్పు ఇంటివాళ్ళది, గ్యాసు ఇంటివాళ్ళది, వంట మాత్రం బయటివాడిది. ఇక్కడ పిల్లలు నవ్వుతారు. ఇంతా చేసి ఏం వండుతారంటే, మళ్ళీ అవే చీటీలు, అవే చొక్కాలు, వేలకి వేలు. ఒక్కో చీటీ ఒక్కో చొక్కాలో దూరి, పక్కింటి తలుపు తట్టడానికి బయల్దేరుతుంది. చాలాసార్లు ఆ పెళ్ళివారిల్లు అక్కడితో కూలిపోతుంది.

ఈ ఏడాది ఆ పాఠం చెబుతున్నప్పుడు నా కళ్ళ ముందు ఎవరున్నారో పిల్లలకి తెలియదు. వంటవాడు నా కొడుకే. చీటీలు రేపల్లె నుంచి వస్తున్నాయి. చక్కెర తగ్గించు, ఆ కిటికీ తెరిచి పెట్టు, ఉయ్యాల ఆ గదిలో వద్దు ఈ గదిలో కట్టించు. ఇల్లు నాది, చేతులు నా కొడుకువి, మాట ఆవిడది. పాఠం ఎప్పటికన్నా బాగా చెప్పానని ఆ రోజు ఒకమ్మాయి వచ్చి మరీ మెచ్చుకుంది.

బారసాల నాడు ఉయ్యాలలో వేసే ముందు పిల్లాడిని ఎలాగో సంపాదించి ఎడమ భుజం మీద వేసుకున్నాను. ఏడుపు అందుకున్నాడు. తట్టాను, ఊపాను, గుమ్మం దాకా నడిచాను. ఇంటి నిండా ఉన్న ఆడవాళ్ళంతా నా వంక చూస్తున్నారు. వియ్యపురాలు వచ్చి వాడిని తీసుకుంది. ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకుని, వాడి తల మోచేతి వంపులో పెట్టి, రెండో చేత్తో వీపు మీద మెల్లగా రాసింది. టీవీ కట్టేసినట్టు ఊరుకున్నాడు. "వీడికి ఇలా పట్టుకుంటేనే ఇష్టమండి, మీకెలా తెలుస్తుంది పాపం" అంది. ఆ పాపం అన్న మాట దగ్గరే నా ఎడమ పక్క చురుక్కుమంది.

జాకెట్టు కుట్టు ఒరుసుకుందనుకున్నాను. తర్వాత చెమటకాయలు అనుకున్నాను. వేలు పెట్టి చూసుకుంటే చిన్న చిన్న బొబ్బల్లా తగిలాయి. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ఒంట్లో బాగాలేదంటే పిల్లాడిని మళ్ళీ నా చేతికి ఇవ్వరు. ఆ సాయంత్రం మళ్ళీ రెండుసార్లు అడిగి మరీ ఎత్తుకున్నాను, అదే ఎడమ పక్కన.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే గుత్తులు గుత్తులుగా నీటి పొక్కులు, వీపు నుంచి ముందుకి ఒక పట్టీ లాగా. మా ఆయన చూసి, "సర్పి" అన్నారు. అంతటితో ఆగకుండా, "ఇది నడుం చుట్టూ తిరిగి తలా తోకా కలిసిందంటే మనిషి దక్కదంటారు" అని మొహం వేలాడేశారు. కలవదు. నరం ఒంటికి ఒక పక్కనే వస్తుంది, వీపు మధ్యలో మొదలై పొట్ట మధ్యలో ఆగిపోతుంది. ఆ నరం ఉన్నంత మేరే పొక్కులు. ఈ సంగతి ఆయనకి చెబుతూ చెబుతూ ఉండగా నాకు అసలు సంగతి తట్టింది.

ఆ పొక్కుల్లో ఉన్న నీటిలో బతికున్న వైరస్ ఉంటుంది. ఆటలమ్మ తెచ్చే వైరస్సే సర్పి తెచ్చేదీ. రెండు పేర్లు, చుట్టం ఒక్కటే. ఆ నీరు తగిలితే, అంతకు ముందు ఆటలమ్మ రాని మనిషికి ఆటలమ్మ వస్తుంది. నెల తిరగని పసివాడికి వస్తే ఏమవుతుందో నేను పిల్లలకి చెప్పను. పుస్తకంలో ఉన్నా దాటేస్తాను.

మర్నాడు పొద్దున్నే చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆ అమ్మాయి ఒకప్పటి నా స్టూడెంటే. చూడగానే, "హెర్పిస్ జోస్టర్ మేడమ్. మీరే చెప్పారుగా, చిన్నప్పుడు వచ్చిన చికెన్‌పాక్స్ వైరస్ ఒంట్లోంచి పోదు, నరాల ముడుల్లో దాక్కుంటుందని" అని నా పాఠం నాకే అప్పజెప్పింది. తర్వాత, "ఈ మధ్య స్ట్రెస్ ఏమైనా ఉందా మేడమ్?" అని అడిగింది. "ఏం లేదమ్మా" అన్నాను. పక్కనే కూర్చున్న మా ఆయనకి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

నాకు ఆ చుట్టం ఎక్కడ తగులుకుందో బాగా గుర్తు. బాపట్లలో, మా పుట్టింట్లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు. ముందు మా తమ్ముడికి పోసింది. గుమ్మానికి వేపాకు కట్టారు, ఇంట్లో తాలింపు మానేశారు, వాడికి వేపమండల పక్క వేశారు. వాడి ఒంట్లో అమ్మవారు ఉందని లెక్క కాబట్టి వాడిని పేరు పెట్టి పిలవకూడదు. చుట్టుపక్కల ముసలమ్మలు వచ్చి, నిక్కరు జారిపోతున్న ఆ వెధవకి దణ్ణం పెట్టి "చల్లగా చూడు తల్లీ" అనేవాళ్ళు. మా అమ్మ వాడి తల దగ్గర కూర్చుని "కొబ్బరి నీళ్ళు తాగుతావా తల్లీ" అని బతిమాలేది. నన్ను మాత్రం "ఏమే, చీపురు తీసుకో" అనేది. నాకు కడుపు మండిపోయింది. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే వెళ్ళి వాడి పక్కలో, వాడి దుప్పట్లో దూరాను. నేను కూడా తల్లిని అవుదామని.

అయ్యాను. కాకపోతే నాకు పోసేసరికి ముసలమ్మల భక్తి అయిపోయింది, మా అమ్మ ఓపిక అయిపోయింది, కొబ్బరి బొండాలు తెచ్చే మా మేనమామ ఊరెళ్ళిపోయాడు. నాకు దక్కింది దురద ఒక్కటే. పక్కులు రాలాక వేపాకు, పసుపు వేసిన నీళ్ళు పోసి, గుమ్మానికి కట్టిన మండలు తీసేసి, అమ్మవారు వెళ్ళిపోయిందన్నారు. ఎక్కడికి వెళ్ళింది? చర్మం మీద నుంచి నరాల వెంట లోపలికి పాకి, వెన్నుపూస పక్కనున్న నరాల ముడుల్లో కూర్చుంది. అక్కడ అది కాపీలు తీయదు, కణాన్ని కూల్చదు. చీటీ మడిచి పెట్టుకుని ఊరికే ఉంటుంది. ఒంటి కాపలాకి దాని ఉనికి తెలుసు, కదలనివ్వదు. ఎప్పుడో వయసు మీద పడి, నిద్ర తక్కువై, మనసులో ఏదో రంపం పెట్టి కోస్తుంటే, కాపలా కాస్త సడలుతుంది. అప్పుడు చీటీ విప్పుతుంది. ఏకు మేకై కూర్చోవడం అంటే ఇదే. కుళ్ళుకుని తెచ్చుకున్న జబ్బు, యాభై ఏళ్ళు లోపల కూర్చుని, మళ్ళీ కుళ్ళుకునే రోజు చూసుకుని బయటికొచ్చింది.

డాక్టరమ్మాయి మందు చీటీ రాస్తూ, బారసాల సంగతి విని కలం ఆపేసింది. "కోడలికి చిన్నప్పుడు చికెన్‌పాక్స్ వచ్చిందా మేడమ్? వచ్చి ఉంటే భయం లేదు, తల్లి యాంటీబాడీలు కడుపులో ఉండగానే బాబుకి వెళ్ళి ఉంటాయి. రాకపోతే మాత్రం ఇవాళే చూపించాలి. దానికో ఇంజెక్షన్ ఉంది, ఆలస్యం చేస్తే లాభం ఉండదు. ముందు అది కనుక్కోండి" అంది.

కోడలికి ఫోన్ చేస్తే, తనకి గుర్తు లేదు, అమ్మని అడగాలంది. అంటే ఆవిడకి నేను చెప్పాలి. నా ఒంటి మీద పొక్కులున్నాయనీ, వాటితోనే మీ ఇంట్లో మీ కళ్ళ ముందు పిల్లాడిని గుండెకి హత్తుకున్నాననీ. చెప్పాక ఇంక ఈ జన్మలో వాడిని నా చేతికి ఇస్తారా? ఆ పరిస్థితిలో కూడా నాకు ముందు వచ్చిన ఆలోచన ఇదే. ఆస్పత్రి మెట్ల మీద నిలబడి ఫోన్ చేశాను. అంతా చెప్పాను.

"ఎడం పక్కన ఎత్తుకున్నారండి" అంది ఆవిడ.

"అవునండి. చీర, జాకెట్టు అడ్డం ఉన్నాయి, తగిలి ఉండకపోవచ్చు. కానీ మనం తెలుసుకోవాలి. మీ అమ్మాయికి చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?"

"అయ్యో, ఆ పేరు ఎత్తకండి వదినగారూ. అమ్మవారు పోసిందండి, చిన్నప్పుడు."

"ఏ అమ్మవారు?"

"ఏ అమ్మవారేంటండీ! అమ్మవారేనండి."

ఇక్కడే ఉంది మా తిప్పలంతా. మా వైపు ఆటలమ్మ వచ్చినా అమ్మవారే, తట్టు వచ్చినా అమ్మవారే. రెండూ వేరు వేరు వైరస్‌లు. ఒకటి వస్తే రెండోదానికి రక్షణ రాదు. కోడలికి వచ్చింది తట్టు అయితే నా మనవడి ఒంట్లో ఈ చుట్టాన్ని ఆపే కాపలా లేనట్టే. డాక్టర్లకి ఒక్క మాటలో తేలిపోయే విషయం, భక్తితో అన్నిటికీ ఒకే పేరు పెట్టుకున్న మాకు తేలడం లేదు.

"తట్టా, ఆటలమ్మా? ఒక్క ముక్క చెప్పండి."

"ఒళ్ళో చంటివాణ్ణి పెట్టుకుని ఆ పేర్లు నేను పలకలేనండి. పిలిచినట్టవుతుంది."

ఫోన్ విసిరి కొట్టాలనిపించింది. దానికి మన తెలుగు రాదండీ, పిలిస్తే వచ్చేది కాదు, పిలవకపోతే మానేదీ కాదు అని గట్టిగా అరవబోయాను. నోటి దాకా వచ్చింది. అంతలో ఫోన్‌లో వాడి ఊపిరి వినబడింది. పాలు తాగి పడుకున్న పిల్లలకి వచ్చే చిన్న గురక. ఆవిడ వాడిని పట్టుకునే మాట్లాడుతోంది. మా అమ్మ కూడా ఆ పేరు పలికేది కాదు. నేను మెట్ల మీద కూర్చుని, పరీక్షల్లో నోరు పెగలని పిల్లలతో మాట్లాడే గొంతు తెచ్చుకున్నాను.

"పేరు చెప్పకండి. ఎలా వచ్చిందో చెప్పండి చాలు."

"జ్వరం వచ్చిందండి. ముందు వీపు మీద కనబడ్డాయి. మర్నాడు పొట్ట మీద. ఒక పక్క మాడుతుంటే ఇంకో పక్క కొత్తవి. తల్లోనూ వచ్చాయి. అసలు దాని ఒళ్ళంతా ఆడుకుందండి తల్లి."

"ఏమన్నారు?"

"ఆడుకుందండి అన్నాను."

పేరు చెప్పనన్న మనిషి క్రియ చెప్పేసింది. తట్టు ఆడుకోదు. మొహం మీద మొదలై, ఎర్రగా, ఒకే వరసలో కిందికి దిగుతుంది. విడతలు విడతలుగా వచ్చి, పాతవీ కొత్తవీ ఒకేసారి పక్కపక్కన కనబడేది ఇదొక్కటే. ఎప్పుడో ఎవరో తల్లులు పిల్లల ఒంటి మీద ఆ ఆట చూసే దానికి ఆటలమ్మ అని పేరు పెట్టారు. ఇన్నేళ్ళు పాఠం చెప్పీ ఆ పేరులో ఆట ఉందని నేనెప్పుడూ వినలేదు.

"నీళ్ళు నిండాయా?"

"ముత్యాల్లా ఉండేవండి. గోక్కోకుండా చేతులకి గుడ్డ కట్టాను. అయినా చెవి వెనక ఒకటి గోకేసింది. గుంట పడింది. ఇప్పటికీ జడ వేసినప్పుడల్లా నా వేలికి తగులుతుంది."

లోపలికి పరిగెత్తి డాక్టరమ్మాయికి చెప్పాను. ఆ అమ్మాయి మొహం తేటపడింది. అయినా ఒకసారి పిల్లల డాక్టర్‌కి చూపించమంది. ఆ పూటే మా అబ్బాయి సెలవు పెట్టి రేపల్లె వెళ్ళాడు. అక్కడి డాక్టర్ కోడలి చెవి వెనక మచ్చ చూసి, రక్తపరీక్ష కూడా చేయించి, ఆటలమ్మే వచ్చిందని ఖాయం చేశాడు. కంగారు లేదు, కనిపెట్టుకుని ఉండండి, నాయనమ్మగారి పక్కులు ఎండి రాలేవరకూ దూరంగా ఉంచండి అన్నాడు. ఆ రాత్రి మా అబ్బాయి ఫోన్‌లో ఈ చివరి ముక్క మెల్లగా, మంచి మాటల్లో చుట్టి చెప్పాడు.

మంచం మీద కుడి పక్కకి తిరిగి పడుకుని, ఆ రోజుల్లో ఒకటే లెక్క వేసుకునేదాన్ని. మా కోడలి చిన్నప్పుడు, రేపల్లెలో ఆ ఇంట్లో, ఆ తల్లి కూతురి చేతులకి గుడ్డలు కట్టి మేలుకుని కూర్చుంది. ఆ పిల్ల ఒళ్ళు ఆ వైరస్‌తో పోరాడి, దాని చొక్కా గుర్తుపట్టే కాపలాని తయారుచేసుకుంది. ఆ కాపలా బొడ్డుతాడు దాటి నా మనవడికి చేరింది. నా ఒంట్లోంచి వచ్చిన దాని నుంచి వాడిని కాపాడింది ఆ ఇంటి నుంచి వచ్చినది. నేను దణ్ణం పెట్టాలి. పెట్టాను కూడా, మనసులో. కానీ పెడుతూ పెడుతూ, అది కూడా ఆవిడ దగ్గర్నుంచే రావాలా అనుకున్నాను. నా దగ్గర్నుంచి వాడికి ఏం వెళ్ళిందో వెతుక్కున్నాను. ముక్కు మాత్రం నాది. దాన్ని కూడా ఆవిడ రోజూ నూనె రాసి సాగదీస్తోంది.

పొక్కులు ఎండాయి, రాలాయి. మంట పోలేదు. నరం దెబ్బతింటే కొన్నాళ్ళు అలా ఉంటుందన్నారు. ఈలోగా కోడలు మూడో నెలలో వద్దామనుకున్నది వాయిదా పడింది. రోజూ సాయంత్రం వీడియో కాల్. ఫోన్ పట్టుకునేది ఆవిడే. "నాయనమ్మేది? ఇదిగో నాయనమ్మ, ఫోన్‌లో ఉంది నాయనమ్మ" అని వాడికి చూపించేది. వాడు ఫోన్ వంక కాకుండా ఆవిడ గొంతు వంకే చూసేవాడు. వాడు మొదటిసారి నవ్వింది కూడా ఆవిడకే. నాకు చూపించడానికి ఫోన్ తీసేసరికి నవ్వు అయిపోయింది.

నేనూ ఊరుకోలేదు. ఆ కాల్స్‌లో ఆవిడ చేతుల్నే చూశాను. ముంజెయ్యి ఎలా చాపుతోంది, వాడి గడ్డం ఎక్కడ ఆనుతోంది, రెండో చెయ్యి కింది నుంచి పైకి రాస్తోందా, పై నుంచి కిందికా. ఫోన్ పెట్టేశాక మా ఆయన లుంగీని పిల్లాడంత ఉండలా చుట్టి, చేతి మీద బోర్లా వేసుకుని హాల్లో అటూ ఇటూ తిరిగేదాన్ని. మా ఆయన పేపర్ పైనుంచి చూసి, "ఊరుకుందా?" అని అడిగేవారు. కందకి లేని దురద కత్తిపీటకెందుకని ఆయన్ని కసిరేదాన్ని. కానీ నేర్చుకున్నాను. పైనుంచి కిందికి, అరచెయ్యి మొత్తం ఆనించి, ఒత్తకుండా.

అయిదో నెలలో తల్లినీ బిడ్డనీ తీసుకుని ఆవిడే తెనాలి వచ్చింది, సారె బుట్టలతో. గుమ్మంలో మా ఆయన దిష్టి తీయించారు. వాడిని నా చేతికి ఇచ్చేటప్పుడు ఆవిడ చెయ్యి నొప్పి మాట ఎత్తలేదు, ఎడమ పక్కా కుడి పక్కా అని చూడలేదు. ఎత్తి నా చేతుల్లో పెట్టేసింది. భోజనాలయ్యాయి. కోడలు అలసిపోయి లోపల పడుకుంది. వాడు పగలంతా నా దగ్గరే ఉన్నాడు.

సాయంత్రం రైలుకి ఆటో వచ్చింది. ఆవిడ బయల్దేరింది. గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, "సాయంత్రాలు కాస్త పేచీ పెడతాడండి" అంది. మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చి, "సాంబ్రాణి ఎక్కువ వేయకండి, తుమ్ముతాడు" అంది. వాడి పాదం పట్టుకుని కళ్ళకి అద్దుకుని, గబగబా వెళ్ళి ఆటోలో కూర్చుంది. అక్కడి నుంచి చూసింది. నా మొహం వంక కాదు, నా చేతుల వంక.

ఆ చూపు నాకు బాగా తెలుసు. బారసాల నాటి నుంచి ఆవిడ చేతుల వంక నేను చూసింది అలాగే. మొదట నాకు ప్రాణం లేచొచ్చింది, దాచడం ఎందుకు. ఇప్పుడు నీ వంతు, చూడు, అనుకున్నాను. నా చేతి నుంచి ఆవిడకి అంటుకోవలసింది అంటుకుంది. ఇంక ఆవిడ రేపల్లెలో ఆ ఖాళీ ఉయ్యాల ముందు కూర్చుంటుంది, ఫోన్‌లో అమ్మమ్మ అవుతుంది. వాడు నవ్వితే మా అబ్బాయి ఫోన్ తీసేలోపు నవ్వు అయిపోతుంది.

అంతలో వాడు ముక్కడం మొదలుపెట్టాడు. మూలుగు ఏడుపైంది. నా ఎడమ ముంజెయ్యి దానంతటదే చాచుకుంది, లుంగీతో అన్ని సాయంత్రాలు చేసిన అలవాటు కదా. వాడిని తిప్పి వేసుకుంటే చాలు, ఊరుకుంటాడు. నాకు తెలుసు. ఆవిడ ఆటోలోంచి మెడ చాచి చూస్తోంది.

నేను చెయ్యి దించేశాను.

"వదినా," అన్నాను. గారు అన్నది ఎక్కడో పడిపోయింది. "నాకు రావట్లేదు. మీరు ఎలా పట్టుకుంటారో ఒకసారి చూపించండి."

"రైలు టైమైపోతోందమ్మా" అన్నాడు ఆటో అతను. ఆవిడ అప్పటికే ఒక కాలు కింద పెట్టేసింది. గేటు దాకా రాకముందే చేతులు చాచింది. వాడు ఆ ముంజేతి మీద పడీ పడగానే ఊరుకున్నాడు. నాకు ఎడమ పక్క సన్నగా మండింది. మా ఆయన్ని పిలిచి, ఆటోని పంపించేయమన్నాను.